పాఠాంతరాలు ఉన్న లేఖనం మీద విశ్వాసానికి పునాది వేయవచ్చునా?

ప్రశ్న (అడిగినవారు: పాలకొల్లు పాఠకుడు)

అందరికీ ప్రభువైన యేసుక్రీస్తు నామమున వందనములు.

మాది పాలకొల్లు దగ్గర ఒక పల్లె. ఉద్యోగరీత్యా హైదరాబాదులో ఉంటున్నాను. మా సంఘంలో ఆదివారం ఆరాధన ముగిశాక జరిగే యౌవనస్థుల కూడికలో వాక్యపఠనం నడిపించే బాధ్యత రెండేళ్లుగా నా మీద ఉంది. మూడు వారాల క్రితం యోహాను మొదటి పత్రిక 5వ అధ్యాయం చదువుతుండగా, ఇంటర్మీడియట్ చదువుతున్న ఒక అమ్మాయి తన ఫోనులో కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిలు తెరిచి చూపించింది. “అన్నయ్యా, పరలోకంలో సాక్ష్యమిచ్చేవారు తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ అని ఇందులో ఉంది. మన తెలుగు బైబిల్లో ఆత్మ, నీళ్లు, రక్తము అని మాత్రమే ఉంది. ఆ మాటలు ఎవరు తీసేశారు?” అని అడిగింది.

అనువాదం చేసినప్పుడు పొరపాటున జారిపోయి ఉంటుందని చెప్పి ముందుకు సాగిపోయాను. ఆమె మళ్లీ అడగలేదు గాని, ఆ జవాబు ఆమెకు చాలలేదని ముఖం చూస్తేనే తెలిసింది. ఆ రాత్రి ఇంటికి వచ్చి వెతికితే నేను చెప్పినది తప్పని తేలింది. పదిహేనుమంది పిల్లల ముందు, తెలియని సంగతిని తెలిసినట్లుగా చెప్పినందుకు మనస్సు చాలా నొచ్చుకుంది. అదే వచనాన్ని పట్టుకొని, బైబిలును మార్చివేశారని ఒకరు, కొత్త బైబిళ్లు దేవుని వాక్యాన్ని కత్తిరించాయని మరొకరు చేసిన వీడియోలు కూడా చూశాను. పరస్పరం విరుద్ధమైన ఆ రెండు వాదనలలో ఏదీ నాకు సహాయపడలేదు. పైగా మార్కు సువార్త చివరి పన్నెండు వచనాలు చాలా ప్రాచీనమైన ప్రతులలో లేవన్న సంగతి కూడా అప్పుడే తెలిసింది.

మా నాన్నగారు ఏటా బైబిలు మొదటి నుండి చివరి వరకు చదివి, ప్రకటన గ్రంథం ముగిసిన పేజీలో పెన్సిలుతో ఆ తేదీ వేసేవారు. అక్కడ పంతొమ్మిది తేదీలు ఉన్నాయి. ఆయన పోయాక ఆ బైబిలు నా దగ్గరే ఉంది. ఆయన అంత నమ్మకంగా చదివిన గ్రంథాన్ని నేను కూడా అంత నమ్మకంగానే, కానీ కళ్లు మూసుకోకుండా చదవాలని నా కోరిక. ఎత్తి వ్రాసినవారి చేతులు తడబడ్డాయని తెలిశాక, లేఖనం విశ్వాసానికి నమ్మదగిన పునాది అని ఆ పిల్లలకు ఏ ఆధారంతో చెప్పాలి? తెలిసిన పెద్దలు దయచేసి వివరించండి.


జవాబు 1 (విశ్రాంత అధ్యాపకుడు, గుంటూరు)

సోదరులకు వందనములు. వేదాంత కళాశాలలో చాలా ఏళ్లు గ్రీకు నేర్పినవాణ్ణి గనుక నాకు తెలిసినంతవరకు చెబుతాను. కొంచెం ఎక్కువగానే వ్రాస్తున్నాను, ఓపికతో చదవండి.

ముందు ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు. మన తెలుగు బైబిలు నుండి ఆ మాటలను ఎవరూ తీసివేయలేదు. యోహాను వ్రాసిన పత్రికలో లేని మాటలే తరువాతి కాలంలో వచ్చి చేరాయి. ప్రాచీనమైన గ్రీకు వ్రాతప్రతులలో ఒక్కదానిలోనూ అవి కనిపించవు. ఆత్మ, నీళ్లు, రక్తము అన్న మూడు సాక్ష్యాలను త్రిత్వానికి (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒక్క దేవుడన్న బోధకు) సూచనగా వివరించిన వ్యాఖ్యానం ఒకటి లాటిన్ భాషలో పుట్టింది. ఎవరో దానిని అంచున వ్రాసుకోగా, తరువాత ఎత్తి వ్రాసినవారు అది పాఠంలోనిదే అనుకొని లోపల చేర్చారు. డచ్ పండితుడు ఎరాస్ముస్ 1516లో గ్రీకు కొత్త నిబంధనను అచ్చు వేయించినప్పుడు, తాను చూసిన గ్రీకు ప్రతులలో ఆ మాటలు లేవు గనుక వాటిని చేర్చలేదు. 1519లో వచ్చిన రెండవ కూర్పులోనూ చేర్చలేదు. దానిపై పెద్ద ఆక్షేపణ లేచింది. ఆ మాటలున్న గ్రీకు ప్రతి ఒకటి ఆ తరువాత బయటికి వచ్చింది. అది ఆ కాలంలోనే వ్రాసినది; నేడు డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలలో ఉంది. 1522 నాటి మూడవ కూర్పులో ఆయన ఆ మాటలను చేర్చారు. ఆ వరుసలో వచ్చిన అచ్చు ప్రతుల నుండే 1611లో కింగ్ జేమ్స్ అనువాదం తయారైంది. నేడు మన చేతుల్లో ఉన్న తెలుగు అనువాదం మాత్రం ఈ చోట ప్రాచీన ప్రతులతో ఏకీభవిస్తుంది.

ఈ సందర్భంలోనే పిల్లలకు మరొక సంగతి చెప్పండి. నాల్గవ శతాబ్దంలో అరియు అనే బోధకుని బోధ మీద సంఘంలో ఘోరమైన వివాదం నడిచింది. కుమారుడు తండ్రితో సమానుడా కాదా అన్నదే అక్కడి ప్రశ్న. త్రిత్వాన్ని నిలబెట్టిన గ్రీకు పండితులు లేఖనమంతా గాలించి వచనాలు చూపారు గాని, ఈ వాక్యాన్ని ఒక్కరూ ఉదహరించలేదు. వాళ్ల ప్రతులలో అది లేదనడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కరలేదు. ఆ వాక్యం లేకుండానే వాళ్లు త్రిత్వాన్ని లేఖనాల నుండి నిరూపించగలిగారు గనుక, ఈ రోజు అది లేనందువల్ల మన బోధలో ఏదీ కూలిపోదు.

ఇక మీ అసలు ప్రశ్న. తెలుగు చదువుకున్నవారికి పాఠాంతరం (ప్రతికీ ప్రతికీ మధ్య మాటల తేడా), ప్రక్షిప్తం (తరువాత వచ్చి చేరిన భాగం) అన్న మాటలు కొత్తవి కావు. బ్రౌను దొర కడపలో పండితులను పెట్టుకొని, ఊరూరి నుండి తెప్పించిన వేమన ప్రతులను ఒకదాని పక్కన ఒకటి ఉంచి సరిచూయించాడు. ఆ కృషి నుండే 1829లో వేమన పద్యాల మొదటి కూర్పు అచ్చయింది. ప్రతులు ఎక్కువగా ఉన్నచోట తేడాలు కూడా ఎక్కువగానే కనబడతాయి. అయితే ఏ ప్రతిలో చేయి తడబడిందో పట్టి ఇచ్చే సాధనం కూడా ఆ ప్రతులే. ఒకే ఒక్క ప్రతి మిగిలిన గ్రంథంలో పాఠాంతరం ఒక్కటి కూడా కనిపించదు, కాని అందులో ఏమి మారిందో తెలుసుకొనే దారి కూడా ఉండదు.

కొత్త నిబంధనకు గ్రీకులోనే అయిదు వేలకు పైగా వ్రాతప్రతులు ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం తరువాతి శతాబ్దాలవి, కొన్ని చిన్న ముక్కలు మాత్రమే. ఈ మాట దాచకుండా చెప్పాలి. అయినా ఐగుప్తులోను, సిరియాలోను, రోములోను, కాన్‌స్టాంటినోపుల్‌లోను ఒకరినొకరు ఎరుగని మనుష్యులు వ్రాసుకున్న ఇన్ని ప్రతులను ఏ రాజు గాని, ఏ బిషప్పు గాని ఒక్కచోటికి రప్పించి దిద్దించగలిగే అవకాశం ఎన్నడూ లేదు. మార్చివేశారు అనేవారిని, ఎవరు, ఎప్పుడు, అన్ని దేశాలలోని ప్రతులను ఎలా మార్చారని అడగండి. తేడాలలో అత్యధికం అక్షరదోషాలు, పదాల ముందువెనుకలు. పెద్దవి రెండే: మీరు చెప్పిన మార్కు 16:9-20, యోహాను సువార్తలో వ్యభిచారమందు పట్టబడిన స్త్రీ వృత్తాంతం. ఒక్కొక్కటి పన్నెండు వచనాలు. చాలా అనువాదాలలో ఈ రెండింటికీ గుర్తో, అడుగున గమనికో ఉంటుంది.

పాత నిబంధనకు సంబంధించి నేను విద్యార్థులకు ప్రతి సంవత్సరం చూపించిన చిత్రం ఒకటి ఉంది. 1947లో మృతసముద్రం ఒడ్డున కుమ్రాను గుహలో దొరికిన యెషయా గ్రంథపు చుట్ట అది. పదిహేడు తోలు పుటలను కుట్టి చేసిన ఆ చుట్ట పొడవు ఏడు మీటర్లకు పైమాటే. అది క్రీస్తుకు పూర్వం రెండవ శతాబ్దం నాటిదని పండితులు అంచనా వేశారు. అంతకు ముందు మన దగ్గర ఉన్న అతి పాత సంపూర్ణ హెబ్రీ బైబిలు ప్రతి క్రీ.శ. 1008లో వ్రాసినది. రెంటికీ మధ్య వెయ్యేళ్లకు మించిన దూరం ఉంది గనుక, తేడాలు ఎంత ఘోరంగా ఉంటాయోనని భయపడినవారు ఉన్నారు. తెరచి చూస్తే అదే యెషయా, అవే అరవై ఆరు అధ్యాయాలు. వర్ణక్రమంలో వేల తేడాలు ఉన్నాయి, అర్థానికి సంబంధించినవి కూడా కొన్ని ఉన్నాయి. 53:11లో కొత్తగా “వెలుగు” అన్న మాట ఉంది, అది ప్రాచీన గ్రీకు అనువాదంలో అంతకు ముందే ఉన్న మాట.

ఆ చుట్టలో 40వ అధ్యాయం చూడండి. హెబ్రీలో గడ్డి ఎండును, పువ్వు వాడును అన్న మాటలు 7వ వచనంలో ఒకసారి, 8వ వచనంలో మరొకసారి వస్తాయి. లేఖకుని కన్ను మొదటి దాని నుండి రెండవ దానికి దుమికి, మధ్యలో ఉన్న వాక్యాన్ని వదిలివేసింది. తరువాత వేరొక చేయి, ఆ విడిచిపోయిన మాటలను పంక్తుల నడుమ సన్నగా ఇరికించి, చోటు చాలక పక్క అంచున నిలువునా కిందికి వ్రాసింది. “మన దేవుని వాక్యము నిత్యము నిలుచును” అన్న వచనం ఉన్న చోటనే ఈ తప్పు జరిగింది, దిద్దుబాటు కూడా అక్కడే జరిగింది. చెరిపివేసి కొత్తగా వ్రాసి, ఏమీ జరగనట్లు చూపించే ప్రయత్నం ఎవరూ చేయలేదు. జెరూసలేములోని ఇశ్రాయేలు మ్యూజియం వారు ఆ చుట్ట ఛాయాచిత్రాలను అందరూ చూడటానికి ఇంటర్నెట్‌లో పెట్టారు. మీ కూడికలో పిల్లలకు దానిని చూపించండి. నిత్యం నిలిచే వాక్యాన్ని దేవుడు తడబడే చేతులకు అప్పగించాడని, తడబాటును దిద్దే చేతులను కూడా ఆయనే ఇచ్చాడని నేను నమ్ముతాను.

లేఖనం తన చరిత్రను తానే దాచుకోదు. యిర్మీయా 36వ అధ్యాయంలో, యెహోయాకీము రాజు చలికాలపు నగరులో కుంపటి ముందు కూర్చొని, మూడు నాలుగు పుటలు చదవగానే చాకుతో కోసి నిప్పుల్లో వేశాడు. యిర్మీయా మరొక చుట్ట తీసుకొని ఇవ్వగా, లేఖికుడైన బారూకు ప్రవక్త నోటి మాటగా అన్నీ మళ్లీ వ్రాశాడు. అటువంటి మాటలు అనేకం దానికి చేర్చబడ్డాయని కూడా ఆ అధ్యాయమే చెబుతుంది. మొదటి ప్రతి కాలి బూడిదైపోయిందని స్వయంగా చెప్పుకునే గ్రంథం మనది.


జవాబు 2 (చరిత్ర విద్యార్థి, వరంగల్లు)

గౌరవనీయులైన మాస్టారు గారికి నమస్కారం. మా అమ్మ విశ్వాసి, నేను కాను. అయినా ఈ చర్చ నిజాయితీగా సాగుతోందని అనిపించి వ్రాస్తున్నాను.

మీరు చెప్పినదంతా ఒప్పుకున్నా, మూలంలో ఉన్నది సరిగ్గా మన దాకా వచ్చిందని మాత్రమే తేలుతుంది. మూలంలో వ్రాసినది నిజమని తేలదు. శ్రద్ధగా ఎత్తి వ్రాసుకున్న అబద్ధం అబద్ధంగానే ఉంటుంది కదా. పైగా కొన్నిచోట్ల మూలంలోనే చిక్కు ఉంది. లూకా 2:2లో, కురేనియు సిరియాను ఏలుతున్నప్పుడు జరిగిన ప్రజాసంఖ్య సమయంలో యేసు పుట్టాడని ఉంది. కురేనియు లెక్కలు వ్రాయించినది క్రీ.శ. 6లో అని యూదు చరిత్రకారుడు జోసీఫసు ద్వారా తెలుస్తుంది. హేరోదు చనిపోయినది క్రీ.పూ. 4లో అని ఎక్కువమంది చరిత్రకారుల మాట. యేసు హేరోదు దినములలో పుట్టాడని మత్తయి చెబుతున్నాడు, లూకా మొదటి అధ్యాయం కూడా ఆ రోజులతోనే మొదలవుతుంది. ఈ పదేళ్ల తేడాను ఏమి చేస్తారు? మనస్సును నొప్పించాలని అడగడం లేదు. ఇటువంటి ప్రశ్న వేసినందుకు చిన్నప్పుడు నన్ను కూడికలో మాట్లాడవద్దన్నారు. అందుకే అడుగుతున్నాను.


జవాబు 3 (విశ్రాంత అధ్యాపకుడు, గుంటూరు)

బాబూ, మిమ్మల్ని మాట్లాడవద్దన్నవారి తరఫున నేను క్షమాపణ అడుగుతున్నాను. బెరయవారు పౌలు చెప్పినదానిని కూడా అలా ఉన్నదో లేదో అని ప్రతిదినం లేఖనాలతో సరిచూశారనీ, అందుకే వారు ఘనులనీ అపొస్తలుల కార్యములు 17:11 చెబుతుంది. ప్రశ్న అడిగే పిల్లవాడు ఆ వరుసలోనివాడు.

కురేనియు సంగతిలో మీ ఆక్షేపణ బలమైనదే. ఆ వచనంలోని గ్రీకు పదాన్ని “దానికి ముందు జరిగిన” అని అనువదించవచ్చునని కొందరు, అంతకు ముందే వేరొక లెక్కల సేకరణ జరిగి ఉంటుందని మరికొందరు అంటారు. నలభై ఏళ్లుగా చదువుతున్నాను, వాటిలో ఒక్కటి కూడా నన్ను పూర్తిగా ఒప్పించలేదు. ఆ చిక్కును చిక్కుగానే ఉంచి చదువుతున్నాను. కాని అదే లూకా మరొకచోట ఎలా నిలబడ్డాడో కూడా చూడాలి. గల్లియోను అకయకు అధిపతిగా ఉన్నప్పుడు కొరింథులో పౌలును న్యాయపీఠం ఎదుటికి తెచ్చారని అపొస్తలుల కార్యములు 18:12లో వ్రాశాడు. గల్లియోను పేరు, పదవి ఉన్న శిలాశాసనం గ్రీసులోని డెల్ఫీలో దొరికింది. దానిని బట్టి అతడు అక్కడ ఉన్నది సుమారు 51-52 సంవత్సరాలని తేలింది. లూకా ఏ అధికారిని ఏ పదవితో పిలవాలో తెలిసి వ్రాసినవాడని ఇటువంటి చోట్ల కనబడుతుంది. ఒకచోట చిక్కు ఉన్నదని సాక్షిని మొత్తంగా తోసివేయడం న్యాయస్థానంలో కూడా జరగదు.

ఇక మీ పెద్ద ప్రశ్న, మూలం నిజమా అన్నది. ఆ గల్లియోను శాసనమే మనల్ని అక్కడికి తీసుకువెళుతుంది. పౌలు కొరింథులో ఉన్నది 50వ సంవత్సరం ప్రాంతమైతే, కొరింథీయులకు మొదటి పత్రిక వ్రాసినది ఆ తరువాత కొద్ది సంవత్సరాలకే. అందులో 15వ అధ్యాయంలో, క్రీస్తు మృతిపొందెను, సమాధిచేయబడెను, మూడవదినమున లేపబడెను అన్న మాటలను తనకు ఇయ్యబడిన ఉపదేశముగా వారికి అప్పగించానని అంటాడు. అంటే అవి అంతకు ముందే ఇతరుల నోట నలిగిన మాటలు. గలతీయులకు వ్రాస్తూ, తాను యెరూషలేముకు వెళ్లి కేఫాతో (అంటే పేతురుతో) పదిహేను దినాలు గడిపానని, ప్రభువు సహోదరుడైన యాకోబును చూశానని చెబుతాడు. కొరింథీయులకు ఆ పేర్ల వరుస ఇచ్చి, అయిదు వందలకు ఎక్కువైన సహోదరులకు ఆయన ఒక్క సమయమందే కనబడ్డాడని, వారిలో అనేకులు ఇంకా బ్రదికి ఉన్నారని వ్రాస్తాడు. అనుమానం ఉంటే వెళ్లి అడగండి అన్నట్లుగా ఉంది ఆ మాట. సిలువ మరణానికీ ఆ పత్రికకూ మధ్య పాతికేళ్లు దాటవు.

పాతికేళ్లు అంటే ఎంతో మన ప్రాంతం వారికి నేను ఇలా చెబుతాను. దివిసీమ ఉప్పెన వచ్చినది 1977 నవంబరు 19న. ఇన్ని సంవత్సరాల తరువాత కూడా, ఆ రాత్రి నీళ్లు ఎటువైపు నుండి వచ్చాయో, ఎవరు ఏ తాటిచెట్టు పట్టుకొని బ్రదికారో చెప్పగలిగేవారు కృష్ణా జిల్లాలో ఉన్నారు. ఆ ఉప్పెనే రాలేదని ఎవరైనా వ్రాస్తే, లేదా చనిపోయినవారు తిరిగి వచ్చారని కల్పిస్తే, వాళ్లు ఊరుకుంటారా? పౌలు వ్రాసినది అటువంటి జ్ఞాపకం బ్రదికి ఉన్న కాలంలో. ఇది పునరుత్థానాన్ని గణితంలా నిరూపిస్తుందని నేను అనను. సాక్షులు ఉన్నారు, వాళ్ల మాట తొందరగానే వ్రాతలోకి ఎక్కింది, ఆ మాట కోసం వాళ్లలో కొందరు ప్రాణం పెట్టారు. ఆ సాక్ష్యాన్ని నమ్మాలో వద్దో ప్రతివాడూ తేల్చుకోవాలి. క్రీస్తు లేపబడని యెడల మీ విశ్వాసము వ్యర్థమే అని పౌలే అంతా పణంగా పెట్టాడు.


జవాబు 4 (కతోలిక విశ్వాసి, సికింద్రాబాదు)

ఒక్క సంగతి చేర్చాలని వ్రాస్తున్నాను. 325లో జరిగిన నికయ మహాసభలో చక్రవర్తి కాన్‌స్టంటైను పుస్తకాలను ఏరి బైబిలు తయారు చేయించాడని తెలుగు వీడియోలలో తరచుగా వినబడుతోంది. ఆ సభ చేసిన ఇరవై తీర్మానాలలో బైబిలు పుస్తకాల జాబితా గురించిన తీర్మానం ఒక్కటి కూడా లేదు. కొత్త నిబంధనలోని ఇరవై ఏడు పుస్తకాలను నేడున్నట్లుగా పేర్కొన్న జాబితా 367లో అలెక్సంద్రియ బిషప్పు అథనాసియుసు వ్రాసిన పండుగ లేఖలో కనబడుతుంది. నాలుగు సువార్తలు, పౌలు లేఖలు అంతకు చాలా ముందు నుండే సంఘాలలో చదవబడుతున్నాయి. హెబ్రీయులకు వ్రాసిన లేఖ, ప్రకటన గ్రంథం వంటి వాటి మీదనే చర్చ ఎక్కువ కాలం సాగింది.

అందుచేత లేఖనాన్ని, దానిని చదివి కాపాడిన సంఘాన్ని విడదీసి మాట్లాడటం మాకు కష్టం. మా బైబిల్లో డెబ్బయి మూడు పుస్తకాలు, మీ బైబిల్లో అరవై ఆరు ఉన్నాయన్న భేదం ఉన్నదని తెలుసు, దానిని ఇక్కడ లేవనెత్తను. వరంగల్లు సోదరుని ప్రశ్నకు సంబంధించి, 1965లో రెండవ వాటికన్ మహాసభ చెప్పిన మాట నాకు ఉపయోగపడింది: మన రక్షణ కోసం దేవుడు లేఖనంలో ఉంచదలచిన సత్యాన్ని అది తప్పు లేకుండా బోధిస్తుంది. లూకా ప్రజాసంఖ్య ఏ సంవత్సరంలో జరిగిందన్నదానిని నేను ఆ వెలుగులో చదువుతాను.


జవాబు 5 (ఒంగోలు నుండి ఒక సహోదరి)

వందనములు. మాస్టారు గారంత చదువు నాకు లేదు. నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను.

మా ముత్తవ్వ తల్లిదండ్రులు 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున బాప్తిస్మం పొందినవారిలో ఉన్నారని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆ ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. కరువు వచ్చి దేశమంతా అల్లాడిన సంవత్సరాల తరువాత మాట అది. ఊరి చివర బ్రదికిన ఆ మనుష్యులలో అక్షరం వచ్చినవారు బహు తక్కువ. వాళ్ల విశ్వాసానికి పునాది ఏమిటని నేను చాలాసార్లు ఆలోచించాను. వాళ్లు పాఠాంతరాలు ఎరుగరు, అసలు పుస్తకాన్ని చేత్తో పట్టుకొని చదివినవారు కారు. ఎవరో చదవగా విన్నారు, విన్నదానిని పాటగా కట్టుకొని పాడుకున్నారు. వినుట వలన విశ్వాసము కలుగును అన్న మాట వాళ్ల విషయంలో అక్షరాలా జరిగింది.

మా ముత్తవ్వకు 23వ కీర్తన, 103వ కీర్తన, యోహాను సువార్త 14వ అధ్యాయం కంఠతా వచ్చు. చివరి రోజుల్లో మా పేర్లు మరచిపోయింది, మా అమ్మను ఎవరివమ్మా నువ్వు అని అడిగింది. మంచం పక్కన కూర్చొని “యెహోవా నా కాపరి” అని మొదలుపెడితే మాత్రం, “నాకు లేమి కలుగదు” అని కళ్లు తెరవకుండానే అందుకునేది. మొత్తం కీర్తన తప్పు లేకుండా చెప్పేది.

అందుకని పాలకొల్లు తమ్ముడికి ఒక మాట చెప్పాలనిపించింది. మీరు లేఖనాన్ని పునాది అన్నారు. కొరింథీయులకు పౌలు “ఈ పునాది యేసుక్రీస్తే” అని వ్రాశాడు. ఎఫెసీయులకు వ్రాసినప్పుడు అపొస్తలులును ప్రవక్తలును వేసిన పునాది అంటూ, క్రీస్తుయేసే ముఖ్యమైన మూలరాయి అన్నాడు. మూలరాయి మీద మన కన్ను నిలవాలనే కదా లేఖనం ఇచ్చినది. లేఖనాలను పరిశోధిస్తున్నవారితో ప్రభువే “అవే నన్నుగూర్చి సాక్ష్యమిచ్చుచున్నవి” అన్నాడు. సాక్షి మాట పూర్తిగా విని, ఆ సాక్షి చూపించిన వ్యక్తి దగ్గరకు వెళ్లకపోతే, ప్రతులన్నీ సరిపోయినా మనకు ఏమి మిగులుతుంది?

మరొక్కటి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డు (కొత్త సంవత్సరానికి ఒక వచనం వ్రాసిన కార్డు) తీసుకోవడం మనందరికీ ఇష్టమే. ఒక సంవత్సరం నాకు యిర్మీయా 29:11 వచ్చింది, సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు అని. ఆ సంవత్సరమే మా వారు చనిపోయారు. వాక్యం అబద్ధమాడిందని నెలల తరబడి బైబిలు తెరవలేదు. తెరిచిన రోజున ఆ అధ్యాయం మొదటి నుండి చదివాను. అది బబులోనుకు చెరపట్టబడినవారికి వ్రాసిన ఉత్తరం; ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటండి, డెబ్బది సంవత్సరాలు గడవాలి అని ఉంది. వింటున్నవారిలో పెద్దవాళ్లు తిరిగి వెళ్లేది చూడకుండానే చనిపోతారని తెలిసి దేవుడు పలికిన మాట అది. కార్డు మీద ఉన్నప్పుడు నేను దానిని సరిగా వినలేదు. ఉత్తరంగా చదివినప్పుడు నా దుఃఖానికి సరిపోయేంత పెద్దదిగా కనబడింది. పిల్లలకు వచనాలతో పాటు అధ్యాయాలు కూడా చదవడం నేర్పండి తమ్ముడూ.


ప్రశ్న అడిగినవారి తిరుగు జవాబు (పాలకొల్లు పాఠకుడు)

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. వెంటనే వ్రాయలేకపోయాను, నిన్నటి కూడిక ముగిశాక వ్రాద్దామని ఆగాను.

ముందుగా ఆ అమ్మాయి పేరు పెట్టి పిలిచి, మూడు వారాల క్రితం నేను చెప్పిన జవాబు తప్పని, నాకు తెలియకుండానే చెప్పానని అందరి ముందు ఒప్పుకున్నాను. ఆ తరువాత మాస్టారు గారు చెప్పిన వరుసలోనే ఎరాస్ముస్ సంగతి చెప్పాను. యెషయా చుట్ట ఛాయాచిత్రాన్ని గోడ మీద పెద్దదిగా వేసి చూపించినప్పుడు, అంచున నిలువునా దిగిన ఆ అక్షరాల దగ్గర పిల్లలందరూ లేచి వచ్చి నిలబడ్డారు. హెబ్రీ ఒక్క ముక్క రాకపోయినా, విడిచిపోయిన మాటలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిశాయో వేలితో చూపించమన్నారు. నాకు తెలిసినంత చూపించాను. కురేనియు సంగతి కూడా దాచకుండా చెప్పాను. ఒకబ్బాయి, “జవాబు లేదని కూడా చెప్పవచ్చా అన్నయ్యా?” అని అడిగాడు. మాకంటే ఎంతో చదివిన పెద్దాయన ఒకరు అలాగే చెప్పారని అన్నాను.

ఒంగోలు అక్కగారి మాట ప్రకారం, వచ్చే నెలలో యిర్మీయా 29వ అధ్యాయం మొత్తం చదువుతాము. నాన్నగారి బైబిల్లో ఆ పేజీ తీసి చూశాను. 11వ వచనం కింద గీత లేదు. 5వ వచనం, ఇండ్లు కట్టుకొని వాటిలో నివసించుడి అన్నచోట, పెన్సిలు గీత రెండుసార్లు గీసి ఉంది. మా పాత ఇల్లు వరదకు పడిపోయి, తిరిగి కట్టుకున్న సంవత్సరంలో గీశారేమో, అమ్మను అడగాలి.

మాస్టారు గారూ, ఇంకొక్క సందేహం. పునరుత్థాన పండుగ ఆరాధనలో మార్కు 16వ అధ్యాయం చదివే వంతు ఈసారి మా యౌవనస్థులది. 8వ వచనం దగ్గర ఆపాలా, 20వ వచనం వరకు చదవాలా?


జవాబు 6 (విశ్రాంత అధ్యాపకుడు, గుంటూరు)

20 వరకు చదవండి. సంఘం పద్ధెనిమిది వందల ఏళ్లుగా చదువుతున్న మాటలవి, రెండవ శతాబ్దంలోనే ఇరేనియుసు వాటిలోని వచనాన్ని మార్కు పేరు మీద ఉదహరించాడు. అయితే 8వ వచనం ముగిశాక చదివేవారు కొంచెం ఆగాలి. వారు భయపడి ఎవనితో ఏమియు చెప్పలేదు అన్న మాట దగ్గర ఒక్క నిమిషం నిశ్శబ్దంగా ఉండనివ్వండి. ఆ నిశ్శబ్దంలో ఆ స్త్రీల భయాన్ని సంఘం వినాలి. చదివే బాధ్యతను ఆ ప్రశ్న అడిగిన అమ్మాయికి ఇవ్వగలరేమో చూడండి.